పాత ట్రావెలర్ క్యాంపర్: ఘాట్‌లో వేడెక్కుతోంది, పైన కారుతోంది, ముందు దేనికి పెట్టాలి డబ్బులు?

కొర్లగుంట వ్యాన్ | శనివారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. 2008 మోడల్ టెంపో ట్రావెలర్, పొట్టి వీల్‌బేస్. ముందు ఓనరు సీట్లు పీకించి రెండు బెర్తులు, చిన్న వంటగట్టు, సింకు, టాపు మీద సోలార్ పలక పెట్టించుకున్నాడు. కార్తీకంలో అమ్మానాన్నల్ని తలకోన తీసుకెళ్లి, అట్నుంచి అటే హార్స్‌లీ హిల్స్ పోవాలని ఉంది.

భాకరాపేట ఘాట్ ఎక్కేటప్పుడు సగం దాటేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దగ్గరికి పోతోంది. పైకెక్కి చదును రోడ్డు పడ్డాక మళ్లీ దిగుతోంది. వాన పడితే ఎడమ బెర్తు తలవైపు చుక్కచుక్కా కారుతోంది. ఫ్రిజ్ మధ్యాహ్నానికి దానంతటదే ఆగిపోతోంది, కానీ బ్యాటరీ మీద మీటరు పెడితే 12.4 చూపిస్తోంది. ఇవి కాక చిన్నాచితకా ఉండనే ఉన్నాయి: వెనక తలుపు కొట్టుకోవడం, దిగుడులో బ్రేకు కొంచెం లోతుకి పోవడం, అలాంటివి.

అన్నీ ఒకేసారి చేయించే స్తోమత లేదు. ఏది ముందు, ఏది తర్వాత?

గిరింపేట షెడ్డు | శనివారం, రాత్రి 10.15

అన్నా, వేడి, లీకు, ఫ్రిజ్ అని వరసగా రాసి, దిగుడులో బ్రేకు లోతుకి పోతా ఉండాదనే మాట చివర్లో చిన్నాచితకాలో పడేసినావే! ముందు అదే చూడల్ల. ఎక్కేటప్పుడు బండి మొరాయిస్తే పక్కన ఆపుకుంటావు. దిగేటప్పుడు ఆగకపోతే ఏం జేస్తావు? 2022 మార్చిలో నిశ్చితార్థానికి పోతా ఉన్న బస్సు లోయలో పడింది ఆ ఘాట్‌లోనే. ఆడ మలుపు తప్పితే ఇంగ లోయే.

రేపు పొద్దున బండి తియ్యకుండా నిలబెట్టిన చోటనే చూడు. ఇంజన్ ఆన్‌లో పెట్టి పెడల్ తొక్కి అట్లనే పట్టుకో. నీ కాలి కింద మెల్లగా జారతా పోతే, పెడల్ దగ్గర ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు పోయినాయి. రెండు మూడు సార్లు తొక్కితే పైకి వస్తా ఉంటే లైనర్లు అరిగి అడ్జస్ట్‌మెంట్ లేదు, లేదంటే లైన్లో గాలి ఉండాది. వెనక చక్రాల లోపలి పక్కకి దూరి చూడు, డ్రమ్ము అంచున, టైరు గోడ మీద తడి ఉంటే, చక్రం దగ్గర లైనర్లని తోసే వీల్ సిలిండర్ కారతా ఉండాది. ఆయిల్ డబ్బా మూత తీసి చూడు, లోపల నల్లగా ఉంటే ఎన్నేండ్లకి మార్చినారో దేవుడికే తెలియల్ల.

అది చేసి చెప్పు. వేడి సంగతి తర్వాత చెప్తా.

ఎమ్మార్‌పల్లి | శనివారం, రాత్రి 10.31

నా సలహా ఉచితం: వచ్చిన రేటుకి అమ్మేయండి. ఏడాదికి రెండు సార్లు పోయే టూరుకి బాడుగ బండి తీసుకుంటే వేడీ లేదు, లీకూ లేదు. పాత వ్యాను పెట్టుకోవడమంటే షెడ్డు మేస్త్రికి నెలజీతం ఇచ్చినట్టే.

గిరింపేట షెడ్డు | శనివారం, రాత్రి 10.34

ఆ జీతం నాకు ఎవురూ ఇయ్యలేదే అన్నా, అడ్రసు రొంత చెప్పు.

ఘాట్ రోడ్డు రిటైర్డ్ | ఆదివారం, ఉదయం 5.50

నేను బస్సు తోలినవాణ్ణి. తిరుమల కొండ మీదికి, కిందికి ఏళ్ల తరబడి తిరిగాను. మేస్త్రి చెప్పింది అక్షరాలా నిజం. దానికి నేను కలిపేది రెండే మాటలు.

మొదటిది, బ్రేక్ ఆయిల్. అది గాల్లో తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా పోసినప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక అదే 140కే మరిగిపోవచ్చు. దిగుడులో ఆపకుండా తొక్కుతూ ఉంటే డ్రమ్ముల వేడి వీల్ సిలిండర్ దాకా పాకి, లోపల ఆయిల్ ఆవిరవుతుంది. ఆవిరి నొక్కుకుపోతుంది కాబట్టి పెడల్ నేలకి తగులుతుంది, చక్రం మాత్రం ఆగదు. ఇంట్లో నిలబెట్టి తొక్కి చూస్తే బ్రహ్మాండంగా ఉన్న బ్రేకు ఘాట్‌లో సగానికి ఎందుకు పోతుందంటే ఇదీ కారణం. రెండేళ్లకోసారి మొత్తం తీసి కొత్తది పోయించండి. డాట్ 4 పోస్తే ఇంకా మేలు.

రెండోది, గేరు. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. ఇది మాకు నేర్పిన మొదటి పాఠం. డీజిల్ ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దిగేవాళ్లని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కొండ మీది నుంచి మొదటి ఘాట్‌లో దిగడానికి కనీసం 40 నిమిషాలు, రెండో ఘాట్‌లో ఎక్కడానికి 28 నిమిషాలు అని టైము పెట్టింది ఊరికే కాదు. దిగడానికి ఎక్కువ టైము ఎందుకు పెట్టారో ఆలోచించండి.

గిరింపేట షెడ్డు | ఆదివారం, ఉదయం 7.05

పెద్దాయన చెప్పినదానికి ఇంగోటి. పెడల్ తేలిగ్గా పడేదానికి బ్రేకు బూస్టరు ఉంటాది, అది వ్యాక్యూమ్ మీద పనిజేస్తాది. పెట్రోల్ బండికి ఇంజన్ నుంచే ఆ వ్యాక్యూమ్ వస్తాది. డీజిల్‌కి అట్ల రాదు, దానికని వేరేగా పంపు ఉంటాది, చానా బండ్లకి డైనమో వెనకాలే బిగించి ఉంటారు. ఇంజన్ ఆపి దిగితే రెండు మూడు తొక్కులకి బూస్టరు ఖాళీ, ఆ తర్వాత పెడల్ మీద లేచి నిలబడినా బండి ఆగదు. ఆ పంపు నుంచి బూస్టరుకి పోయే రబ్బరు పైపు 2008 నాటిదే ఉంటే వంచి చూడు. పగుళ్లు కనపడితే మార్చెయ్.

కొర్లగుంట వ్యాన్ | ఆదివారం, మధ్యాహ్నం 1.20

చూశాను. పెడల్ జారట్లేదు. మూడోసారి తొక్కితే పైకొస్తోంది. వెనక కుడి చక్రం లోపలి పక్క టైరు మీద చెయ్యి పెడితే జిడ్డుగా తగిలింది. పైపు మీద సన్నటి పగుళ్లున్నాయి. ఆయిల్ నల్లగా ఉంది. బండి ఇంక కదపను, మేస్త్రిని ఇంటికే పిలుస్తా.

రేడియేటర్ మూత కూడా చల్లగా ఉన్నప్పుడు తీశాను. లోపల నీళ్లు డికాషన్ రంగులో ఉన్నాయి. కూలెంట్ జాడే లేదు.

మదనపల్లి మైలేజీ | ఆదివారం, మధ్యాహ్నం 2.02

వేడికి సులువైన మందుంది. థర్మోస్టాట్ వాల్వు పీకి పారెయ్యండి. మన ఎండలకి దాంతో పనేముంది? అది చలిదేశాల కోసం పెట్టింది. మా పక్క చాలా బండ్లకి పీకేశారు, హాయిగా తిరుగుతున్నాయి.

గిరింపేట షెడ్డు | ఆదివారం, సాయంత్రం 4.45

ఈ మాట విని విని చెవులు చిల్లులు పడినాయి. మైలేజీ అన్నా, కోపం తెచ్చుకోవద్దు, వినండి.

ఈ 2008 ట్రావెలర్‌లో ఉండేది బెంజ్ ఓఎం 616 వంశం ఇంజన్. ఈ బండి కంపెనీకి బజాజ్ టెంపో అనే పేరున్న కాలంలో లైసెన్సు తెచ్చుకొని ఈడ చేసిందే. దీని థర్మోస్టాట్‌కి రెండు పనులు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ దోవ మూసి, నీళ్లని బైపాస్ దోవలో ఇంజన్ లోపలే తిప్పుతాది. వేడెక్కినాక రేడియేటర్ దోవ తెరిచి, అదే కదలికలో బైపాస్‌ని మూస్తాది. నువ్వు దాన్ని పీకేసినావనుకో, బైపాస్ మూసేవాళ్లు లేరు. పంపు తోసే నీళ్లలో రొంత భాగం రేడియేటర్ మొహం కూడా చూడకుండా వేడివేడిగా మళ్లీ ఇంజన్‌లోకే పోతాది. చదును మీద తెలీదు. ఘాట్‌లో బరువు పడినప్పుడు తెలుస్తాది. అంటే వేడి తగ్గల్లని పీకినోళ్లు వేడి పెంచుకుంటా ఉండారు.

కొర్లగుంట అన్నా, నీ బండిలో ఉండాదో లేదో ముందు విప్పి చూపించమను. నాకు అనుమానంగానే ఉండాది.

ఇంగ వేడి ఎప్పుడు వస్తా ఉండాదనేది చూసుకోవల్ల. హైవేలో స్పీడుగా పోయేటప్పుడు ఎక్కితే నీళ్ల పారుదల సరిగా లేదని లెక్క: రేడియేటర్ లోపల పాచి, పంపు రెక్కలు అరిగిపోవడం, కింది పైపు లోపలికి పీల్చుకొని అతుక్కుపోవడం. ఘాట్‌లో మెల్లగా ఎక్కేటప్పుడు మాత్రమే ఎక్కి, పైన గాలి తగలంగానే దిగితే గాలి చాలలేదని లెక్క: ఫ్యాను, ఫ్యాను చుట్టూ ఉండే తొడుగు, రేడియేటర్ రెక్కల మధ్య మట్టి, పురుగులు. నీది రెండో రకం మాదిరి కనపడతా ఉండాది, కానీ ఆ నీళ్ల రంగు చూస్తే మొదటిదీ ఉండాది. మన చిత్తూరు, తిరుపతి బోరు నీళ్లల్లో సున్నం ఎక్కువ. కెటిల్‌లో పట్టే తెల్లపొరే రేడియేటర్ గొట్టాల్లోనూ పడతాది.

రేడియేటర్ దించి, పైన కింద ట్యాంకులు విప్పించి లోపల పుల్ల ఆడించి కడిగించు. బండికి ఉండంగానే రసాయనం పోసి కడిగితే ఇంత పాత మడ్డి సగమే పోతాది. మూత కూడా మార్చు. దాని స్ప్రింగు నొక్కి పెట్టే ప్రెషర్ వల్లనే నీళ్లు 100 డిగ్రీలకి మరక్కుండా 120 దాకా ఓర్చుకుంటాయి. మూత చిన్నదే గానీ అది పోతే కూలెంట్ ఎంత మంచిది పోసినా పొంగిపోతాది. తర్వాత కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం. ఇంగ బోరు నీళ్లు వద్దు, మినరల్ వాటర్ క్యాను నీళ్లు కూడా వద్దు.

ఇవన్నీ చేసినాక కూడా, ఇంజన్ ఆన్‌లో ఉన్నప్పుడు రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు వస్తా ఉంటే అప్పుడు హెడ్ గ్యాస్కెట్ గురించి, అంటే ఇంజన్ తలకీ బ్లాకుకీ మధ్య ఉండే పొర గురించి మాట్లాడదాం. అది ముందే విప్పమనే మేస్త్రి దగ్గరికి పోవద్దు.

మదనపల్లి మైలేజీ | ఆదివారం, సాయంత్రం 5.10

బైపాస్ సంగతి వినలేదు. కానీ నా బండి వేరే రకం, దాంట్లో పీకి తిరుగుతున్నా ఏమీ కాలేదు.

గిరింపేట షెడ్డు | ఆదివారం, సాయంత్రం 5.18

బైపాస్ లేని రకాల్లో వేడి పెరగదు, నిజమే. కానీ ఇంజన్ ఎప్పుడూ సరైన వేడికి రాదు, డీజిల్ ఎక్కువ తాగతాది, లోపల అరుగుదల ఎక్కువ. నీ పేరులోనే మైలేజీ పెట్టుకున్నావు గదన్నా.

పుత్తూరు అక్క | ఆదివారం, రాత్రి 8.30

ఇంజన్ గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. లీకు గురించి మాత్రం మా టాటా వింగర్ వ్యాను నాకు బోలెడు నేర్పింది.

కారే చోట చిల్లు ఉంటుందనుకోకండి. నీళ్లు టాపు మీద ఎక్కడో దూరి, లోపలి ఇనుప అడ్డపట్టీ మీద జారుకుంటూ పోయి, ఎక్కడ పల్లంగా ఉంటే అక్కడ చుక్కగా రాలుతుంది. మా బండిలో వంటగట్టు మీద కారేది. అసలు చిల్లు డ్రైవరు తల మీద, క్యారియర్ బోల్టు కింద.

వెతికే పద్ధతి చెప్తాను. బెర్తు మీది ప్లైవుడ్ పలకలు విప్పేయండి, లోపల థర్మోకోల్ ఉంటే అదీ తీసేయండి. అడ్డపట్టీల పొడుగునా సుద్దముక్కతో మందంగా గీతలు గీయండి. ఒకరు లోపల టార్చి పట్టుకుని కూర్చోవాలి. ఇంకొకరు బయట నీళ్ల పైపుతో, ప్రెషర్ లేకుండా, కింది నుంచి పైకి రావాలి: ముందు కిటికీ రబ్బర్లు, తర్వాత వాననీటి కాలవ, తర్వాత టాపు అంచులు, చివరగా క్యారియర్ బోల్టులు, సోలార్ కాళ్లు, వైరు లోపలికి దిగే చోటు. ఒక్కో చోట కొంచెంసేపు ఆగాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిటి మీదా జారి ఏది కారుతోందో తెలియదు. సుద్దగీత తడిసిన చోటి నుంచి వెనక్కి వెతుక్కుంటూ పోతే చిల్లు దొరుకుతుంది.

నా పందెం సోలార్ కాళ్ల మీద. ఎడమపక్కేనా అవి?

ఇక పూసే మందు. హార్డ్‌వేర్ షాపులో అడగ్గానే ఇచ్చే బాత్రూమ్ సిలికాన్ తేవద్దు. పూసినప్పుడు వెనిగర్ వాసన కొడుతుందే, ఆ రకం. ఆ వాసన ఎసిటిక్ యాసిడ్‌ది. పెయింటు లేచిన ఇనుము మీద పడితే అంటుకున్నట్టే ఉంటుంది, కింద తుప్పు మొదలవుతుంది. పైగా ఒకసారి సిలికాన్ పూసిన చోట తర్వాత ఇంకేదీ అంటుకోదు, పెయింటు కూడా నిలవదు. బస్సు బాడీ కట్టేవాళ్లు వాడే పాలీయురెథేన్ సీలెంట్ అడగండి. పాత మందు మొత్తం గీకి, ఇనుము కనపడితే తుప్పు పోయేదాకా రుద్ది, ప్రైమర్ వేసి, ఆరాక పూయండి. బోల్టుల కిందికి బ్యూటైల్ టేపు, అంటే జిగటగా ఉండే రబ్బరు టేపు, చాలా బాగుంటుంది.

కొర్లగుంట వ్యాన్ | ఆదివారం, రాత్రి 8.41

అవునక్కా, సోలార్ కాళ్లు ఎడమపక్కే ఎక్కువ. చుట్టూ తెల్లటి సిలికానే, లేచిపోయి ఉంది.

నేలపట్టు పక్షి | ఆదివారం, రాత్రి 9.00

అక్క చెప్పినట్టు ప్లైవుడ్ విప్పినప్పుడు నేల కూడా విప్పి చూడండి. పైన కారిన నీళ్లు గోడలోంచి దిగి నేల ప్లై కింద చేరతాయి, అక్కడ ఆరే దారి లేదు. నేను రాజహంసల సీజన్‌లో పులికాట్ ఒడ్డునే ఎక్కువ రోజులు ఉంటా, ఉప్పుగాలి. మ్యాటు మీద నడిచినప్పుడు ఒకచోట కొంచెం దిగినట్టనిపిస్తే విప్పా. చక్రం మీద ఉబ్బెత్తుగా ఉండే రేకు గోపురం అంచు వేలితో నొక్కితే పొట్టులా రాలింది.

స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి. రేకు టంగుమని మోగితే బాగుంది, గుచ్చుకుంటే పోయింది. పోయిన చోట పుట్టీ పూసి పెయింటు కొట్టి ఇస్తామంటే ఒప్పుకోవద్దు. కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయాలి. వెల్డింగ్‌కి ముందు రెండు బ్యాటరీల టెర్మినళ్లూ, సోలార్ కంట్రోలరూ విప్పించండి. పక్కన ప్లై, ఫోమ్ ఏదీ ఉండకూడదు. ఒకరు నీళ్ల బకెట్‌తో నిలబడి ఉండాలి.

రేణిగుంట వైరింగు | సోమవారం, ఉదయం 10.05

ఫ్రిజ్ విషయం నాది. బ్యాటరీ మీద కాదు, ఫ్రిజ్ ఆడుతుండగా ఫ్రిజ్ ప్లగ్గు దగ్గర మీటరు పెట్టండి. అక్కడ ఎంతుందో చెప్పండి. బ్యాటరీ నుంచి ఫ్రిజ్ దాకా వైరు ఎంత పొడుగు, ఎంత మందం?

కొర్లగుంట వ్యాన్ | సోమవారం, మధ్యాహ్నం 12.50

ప్లగ్గు దగ్గర 11.2, ఒక్కోసారి 11.1. బ్యాటరీ డ్రైవరు సీటు కింద, ఫ్రిజ్ వెనక తలుపు దగ్గర. వైరు సుమారు 6 మీటర్లు. మీద 1 చదరపు మిల్లీమీటరు అని రాసుంది.

రేణిగుంట వైరింగు | సోమవారం, మధ్యాహ్నం 1.15

దొరికాడు దొంగ. ఇంట్లో లైటుకి లాగే వైరుతో ఫ్రిజ్ నడుపుతున్నారు. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరుకి మీటరుకి సుమారు 0.018 ఓము. పోను 6, రాను 6, మొత్తం 12 మీటర్లు, అంటే 0.22 ఓము. ఫ్రిజ్ 5 ఆంపియర్లు లాగితే దారిలోనే 1.1 వోల్టులు పోతోంది. 12.4 లోంచి తీసేయండి, మీరు చెప్పిన 11.2 దగ్గరికే వస్తుంది. ఇంట్లో 230లో ఒక వోల్టు పోతే ఎవరికీ తెలీదు, 12లో పోతే ఫ్రిజ్ ఆగుతుంది.

ఇలాంటి ఫ్రిజ్‌లలో చాలావాటికి బ్యాటరీ కాపాడే కటాఫ్ హై, మీడియం, లో అని ఉంటుంది. మీది హైలో ఉండి ఉంటుంది. మధ్యాహ్నం వేడికి కంప్రెసర్ ఎక్కువసేపు ఆడి, బ్యాటరీ కొంచెం దిగగానే కటాఫ్ కొడుతోంది. కటాఫ్ లోలో పెట్టేసి ఊరుకుంటే ఫ్రిజ్ ఆడుతుంది గానీ రోగం అక్కడే ఉంటుంది, పైగా లెడ్ యాసిడ్ బ్యాటరీ లోతుగా ఖాళీ అయ్యి తొందరగా చస్తుంది. 6 చదరపు మిల్లీమీటర్ల వైరు కొత్తగా లాగండి, పోయేది 0.2 వోల్టు కూడా ఉండదు. బ్యాటరీ ప్లస్ టెర్మినల్ నుంచి జానెడు దూరంలో ఫ్యూజు తప్పకుండా పెట్టండి. ఫ్యూజు ఫ్రిజ్ దగ్గర పెడితే మధ్యలో వైరు ఒరుసుకుని షార్టయినప్పుడు కాపాడేవాడు లేడు. రేకు చిల్లులోంచి వైరు పోయే ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్, అంటే చిల్లు అంచుకి తొడిగే రింగు.

లిథియం బ్యాటరీ వేసుకోమని ఎవరైనా చెప్తే, వేసుకోవచ్చు. కానీ పాత డైనమోకి నేరుగా కలపొద్దు, మధ్యలో డీసీ టు డీసీ చార్జర్ ఉండాలి. లిథియం బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడు ఎంత ఇస్తే అంత లాగేసుకుంటుంది, మీ డైనమో ఉడికిపోతుంది.

ఎమ్మార్‌పల్లి | సోమవారం, మధ్యాహ్నం 1.40

బ్రేకు, రేడియేటర్, టాపు, నేల, వైరింగు. ఇంకేం మిగిలింది? హారన్ ఒక్కటే బాగున్నట్టుంది. మళ్లీ చెప్తున్నా, అమ్మేయండి.

పుత్తూరు అక్క | సోమవారం, మధ్యాహ్నం 2.15

తమ్ముడూ, వీటిలో సగం పనులు సొంతంగా చేసుకోగలిగినవే. వైరు లాగడానికీ సుద్దగీత గీయడానికీ మేస్త్రి అక్కర్లేదు. బాడుగ క్యాంపర్‌లో మా అమ్మకి తగ్గ ఎత్తులో మెట్టు ఎవరు కట్టిస్తారు?

ఘాట్ రోడ్డు రిటైర్డ్ | సోమవారం, సాయంత్రం 6.20

ఒకటి అడగడం మరిచాను. టైర్ల వయసు ఎంత? గుండీలు ఎంత ఉన్నాయని కాదు. టైరు గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి, 2217 అని ఉంటే 2017లో 22వ వారం తయారైందని. ఆగి ఉన్న బండి టైరు అరగదు గానీ ఎండకి రబ్బరు గట్టిపడి పగులుతుంది. క్యాంపర్లు ఎక్కువ కాలం ఆగే ఉంటాయి కాబట్టి గుండీలు చూసి మోసపోతారు.

అలాగే బండిని సామాను, నీళ్లు, మనుషులతో సహా లారీ కాటా మీదికి ఎక్కించండి. ముందు ఇరుసు వేరే, వెనక ఇరుసు వేరే తూయించి ఆర్‌సీలో ఉన్న బరువుతో పోల్చుకోండి. నీళ్ల ట్యాంకు 100 లీటర్లంటే 100 కిలోలు. వంటగట్టు, ట్యాంకు, బ్యాటరీ అన్నీ ఒకే పక్క పెడితే ఆ పక్క కమాను కట్టలు కూర్చుంటాయి, బ్రేకు కొట్టినప్పుడు బండి ఒక పక్కకి లాగుతుంది.

కాగితాల పిచ్చోడు | సోమవారం, రాత్రి 9.10

నా వంతు. 2008 బండి అంటే 15 ఏళ్లకి 2023లో ఆర్‌సీ రెన్యువల్ అయి ఉండాలి, మళ్లీ 2028లో. ఫారం 25, ఫిట్‌నెస్, గ్రీన్ టాక్స్. 2022 ఏప్రిల్ నుంచి కారు తరగతి బండికి రెన్యువల్ ఫీజు 5,000. 20 ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. మీరు 2028లో సరిగ్గా ఆ గీత మీద ఉంటారు, గడువు దాటనివ్వకండి.

దీనికంటే ముఖ్యం: ఆర్‌సీలో బాడీ రకం ఏమని ఉంది? సొంత వాడకపు క్యాంపర్ వ్యాన్ కేంద్రం జాబితాలో నాన్ ట్రాన్స్‌పోర్టే. కానీ ఆర్‌సీలో ఇంకా పాత సీట్ల లెక్కే ఉండి లోపల బెర్తులుంటే, బండి రూపం మార్చడం గురించి చెప్పే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి వస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన రూపం మార్చడం కుదరదని చెప్పింది. రోడ్డు మీద ఎవరూ ఆపకపోవచ్చు. ప్రమాదం జరిగినప్పుడు బీమావాళ్లు మాత్రం మొదట ఆర్‌సీ తీసి చూస్తారు.

తిరుమల మీదికి తీసుకెళ్లేట్టయితే 2025 ఆగస్టు 15 నుంచి అలిపిరిలో ఫాస్టాగ్ తప్పనిసరి. పాత బండికి చాలామంది తీసుకోలేదు.

నేలపట్టు పక్షి | సోమవారం, రాత్రి 9.25

వంటగ్యాసు ఎవరూ ఎత్తలేదు. వంటగట్టు కింద అరలో సిలిండర్ ఉంటే, ఆ అర అడుగున బయటికి రంధ్రం ఉండాలి. గ్యాసు గాలికంటే బరువు, కారితే కిందికే దిగి పేరుకుంటుంది. కిటికీ తెరిచాం కదా అంటే చాలదు. పైపు ఐఎస్ఐ మార్కు సురక్ష పైపే వాడి అయిదేళ్లకి మార్చండి. రాత్రి పడుకునేముందు సిలిండర్ దగ్గరే కట్టేయాలి, స్టవ్ దగ్గర కాదు. చలికి స్టవ్ వెలిగించుకుని తలుపులు మూసి పడుకోవడం చస్తే చేయకండి. హార్స్‌లీ హిల్స్‌లో డిసెంబర్ చలికి బుద్ధి పుడుతుంది.

తలకోనలో కోతులు. వైపర్ రబ్బర్లు, టాపు మీది వెంటు మూత, సోలార్ వైరు, ఏదైనా పీకుతాయి. వైరుని ఇనుప గొట్టంలోంచి తేండి.

కొర్లగుంట వ్యాన్ | తర్వాతి ఆదివారం, సాయంత్రం 6.30

అందరికీ దండాలు. జరిగింది చెప్తా.

మేస్త్రి వచ్చి వెనక డ్రమ్ములు విప్పాడు. కుడి వీల్ సిలిండర్ రబ్బరు చిట్లి ఆయిల్ లైనర్ల మీదికి కారింది, లైనర్ ఒక పక్క తడిసి నల్లగా మెరుస్తోంది. రెండు పక్కలా సిలిండర్లు, లైనర్లు మార్పించా. వ్యాక్యూమ్ పైపు కొత్తది. ఆయిల్ మొత్తం తీసి డాట్ 4 పోయించా. పెడల్ ఇప్పుడు మొదటి తొక్కుకే పైన పట్టుకుంటోంది.

గిరింపేట అన్న అనుమానం నిజమైంది. థర్మోస్టాట్ గూడు విప్పితే లోపల ఏమీ లేదు. మూత మీద గ్యాస్కెట్ మందు మాత్రం గట్టిగా పూసి ఉంది. కొత్తది వేయించి, రేడియేటర్ దించి కడిగిస్తే తుప్పు మడ్డి మగ్గుడు వచ్చింది. ఫ్యాను చుట్టూ తొడుగు సగం విరిగిపోయి ఉంది, అది మన ఊర్లో దొరకలేదు. చెన్నై పుదుపేటలో పాతది పట్టుకొచ్చాడు తెలిసినవాడు. నిన్న భాకరాపేట ఘాట్ ఎక్కా, దిగా, ఒక్కణ్ణే, ట్యాంకు నిండా నీళ్లతో. ముల్లు సగం దాటి ఒక గీత మీద ఆగింది.

లీకు అక్క చెప్పిన చోటే, సోలార్ ముందు ఎడమ కాలు. నేల ఒకచోట స్క్రూడ్రైవర్ దిగింది, వెల్డింగ్ వచ్చే వారం. ఫ్రిజ్‌కి కొత్త వైరు నేనే లాగా, ప్లగ్గు దగ్గర ఇప్పుడు 12.3. టైర్లు 2016వి, నాలుగూ మార్చాలి, అందుకే తలకోన ప్రయాణం ఇంకొంచెం వెనక్కి పోయింది. ఆర్‌సీలో ఆమ్నీ బస్ అని ఉంది, కాగితాల అన్నకి విడిగా మెసేజ్ పెట్టా.

ఒక్క ప్రశ్న మిగిలింది. వెనక తలుపు కొట్టుకోవడం ఆగలేదు. అంచు రబ్బరు బీడింగు చచ్చుపడి ఉంది. బస్ బాడీ షాపులో అడిగితే ఏ సైజు అంటున్నాడు. సైజు ఎలా చెప్పాలి?

పుత్తూరు అక్క | ఆదివారం, రాత్రి 7.55

సైజు నోటితో చెప్పలేం. పాతది జానెడు ముక్క కోసి తీసుకెళ్లండి. తలుపు మీద చచ్చుపడిన చోట కాదు, పై మూలలో నొక్కుకోని చోట కోయండి, అప్పుడే అసలు ఎత్తు తెలుస్తుంది. రేకుని పట్టుకునే గాడి మందం ఒకటి, పైన గాలి బుడగ ఎత్తు ఒకటి, ఈ రెండూ కలవాలి. బుడగ ఎక్కువ ఎత్తుంటే తలుపు పడదు, బలవంతంగా వేస్తే కీళ్లు సాగుతాయి. కొనేముందు ఒకసారి తలుపు వేసి, కీలు పిన్నులు అరిగాయేమో పైకి కిందికి ఎత్తి చూడండి. పిన్ను ఆడుతుంటే ముందు అది.

గిరింపేట షెడ్డు | ఆదివారం, రాత్రి 8.20

బీడింగు అతుకు తలుపు అడుగున మధ్యలో రావల్ల. పైన వస్తే ఆ సందులోంచే నీళ్లు దిగతాయి. సాగదీసి ఎక్కించొద్దు, నాలుగు రోజులకి కుదించుకొని అతుకు దగ్గర నోరు తెరుస్తాది. రొంత ఎక్కువే పెట్టి, చివర నొక్కి కుదించి కలుపు.